రెండు గాట్లు పైకి

పైపు కింద పెట్టు గజానన్.
పొద్దు నెత్తి మీదికొచ్చినంక పోసే నీళ్లు
గడ్డికి గాదు, గాలికి పోసినట్టు.
బల్లార్షా ఎండ ఎసొంటిదో నీకు చెప్పాల్నా?
మే నెలల రైలు దిగినోడు
ప్లాట్‌ఫారం మీద ఒక్కపారి చెప్పు విడిస్తే
మళ్ల జిందగీల విడువడు.

మనకు నల్లా దినం తప్పించి దినం.
తెల్లారగట్ల నాలుగున్నరకొస్తది,
ఐదుంబావుకు గొంతు పట్టుకుంటది.
ఆ ముప్పావు గంటలనే
గెస్ట్‌హౌస్ లాను, సాయబు గులాబీలు,
వంటింటెనక కరివేపాకు,
అందరి దూప.

కోత మిషను ఇటు పట్రా.
చక్రం కాడ గాట్లున్నయి సూడు.
చలికాలం మూడో గాటు. ఇప్పుడు ఐదు.
పొడుగ్గున్న గడ్డి
తన కాళ్ల మీద తనే నీడేసుకుంటది.
కురచగ కోస్తే గుండు గీయించుకొని ఎండల తిరిగినట్టు.
మొన్న మొక్కు తీర్చుకొని వస్తివి గద,
నెత్తి ఎట్ల మండిందో యాది చేసుకో.

కోసిన ముక్కలు ఊడ్వకు, ఆడనే పడుండనియ్యి.
కాంపౌండు పొంటి టేకాకు రాల్తది,
కాల్చనియ్యకు. వాచ్‌మన్ అగ్గిపెట్టె దాచిపెట్టు.
గులాబి మొదట్ల చుట్టు జానెడు మందం పరువు.
పగటీలి ఆ ఆకు ఎత్తి చెయ్యి పెట్టి సూడు,
కడవ అడుగు తీర్గ సల్లగుంటది.

నేను గూడ ఒకప్పుడు నీ లెక్కనే.
పొద్దూకంగ పొద్దూకంగ ఇన్నిన్ని చల్లేటోణ్ణి,
అయ్యగారు తీర్థం ఇచ్చినట్టు.
పచ్చగుండె. మెచ్చుకుండ్రు.
పంద్రాగస్టు నాడు శాలువ గూడ కప్పిండ్రు.
మల్ల ఎండకాలం
మా భూమక్కను చాంద దవాఖానల ఏస్తే
నాలుగొద్దులు రాలే.
ఐదో దినం వచ్చి పట్టుకొని గుంజితే
చాప లేచినట్టు లేచింది లాను మొత్తం.
వేరు రెండేళ్ల మందం గూడ దిగలే.
ఎందుకు దిగుతది,
రోజు నోటికి అందిస్తుంటే?

భూమక్క ఇంటికొచ్చింది.
అది వేరే ముచ్చట.

అందుకే చెప్తున్న:
నాలుగొద్దులకొకసారి పొయ్, కడుపు నిండ పొయ్.
సైకిలు పుల్ల గుచ్చి సూడు,
జానెడు సుల్వుగ దిగిందా, ఆపు.
నడుమ మూడొద్దులు దాని దిక్కు మర్లి సూడకు.
దూపకు అదే కిందికి పోతది ఎతుక్కుంట.

కూలర్ కింద కారేదానికి నూనె డబ్బా పెట్టిన,
నిండితే జామచెట్టుకు.
సుమన్‌బాయి బియ్యం కడుగు పారబోసే ముందు
నిన్ను పిలుస్తది, ఉరుకు.
గిన్నెలు తోమిన సబ్బునీళ్లు మాత్రం ముట్టకు,
ఆమె ఎంత బతిలాడినా.

ఆ తూర్పు మూల ఎర్రబడ్డదని పరేశాన్ గాకు.
నిరుడు సాయబు గూడ అయిండు.
నాగ్‌పూర్ నుంచి పెద్దాయన వచ్చేదుండె.
"కాయ్ రె రాజేలింగు, మేలం కా?" అన్నడు, సచ్చిందా అని.
గరిక సావదు సాయబు, పండుకుంటది అన్న.
కణుపు కాడ బొటనేలితోని ఇప్పి సూపిన,
సూది మొనంత పచ్చ.
ఆయన కండ్లద్దాలు జారంగ వంగి సూసిండు,
మస్తుసేపు సూసిండు.
"టాంకర్ తెప్పియ్యనా?"
"తెప్పిస్తే మా బస్తీకి తెప్పియ్యుండ్రి."
నవ్విండు.
టాంకర్ ఇటు రాలే, అటు రాలే.
పెద్దాయన గూడ రాలే.
మిరుగం నాడు రెండు వానలు పడ్డయి,
మూల అంత లేసి కూసున్నది
ఏం కానట్టు.

ఆ మూల మీదికెళ్లి నడ్వకు గజానన్,
సుట్టు తిరిగి పో.
ఇగ పైపు సుట్టు, మెలికె పడనియ్యకు.
నడిమిట్ల లీకున్న కాడ
సైకిలు ట్యూబు ముక్క కట్టిన,
ఊడిందేమో సూడు.